ఇంకా రాని బస్తా

నిప్పు కనిపెట్టిన తర్వాత మానవజాతి చేసిన అంతటి ఘనకార్యం మొన్న జూలైలో సత్తెనపల్లి దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీలో జరిగింది. అక్కడి కంప్యూటర్ ప్రోగ్రాం ఏ భాషలో రాశారో, ఆ భాషను పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కి మార్చారు. పాతది బ్రహ్మాండంగా పనిచేస్తోంది (మార్చడానికి అంతకంటే బలమైన కారణం ఇంకేం కావాలి?).

సరిగ్గా ఆ మర్నాడే మా వీధిలో ఉండే రసూల్‌బీ అక్కని బండి మీద ఎక్కించుకుని అక్కడికి వెళ్లాను. ఆమెది ఒకే ఒక్క బస్తా. అత్తగారి కాలం నుంచి కాపాడుకొస్తున్న నాటు మిరప; విత్తనానికని ఏరి దాచిన కాయలు. చుట్టుపక్కల ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. వాన పడింది, మడి సిద్ధంగా ఉంది, వారంలోగా నారు పోయాలి. ఏడాది దాటితే ఆ గింజ మొలవదు.

మేనేజర్ సంజీవరావు గారు లేచి నిలబడి మర్యాద చేశారు. "మీ బస్తా భద్రంగా ఉందమ్మా. సిస్టమే లేవట్లేదు."

సిస్టం గేటుపాసు ఇవ్వనిదే బస్తా గడప దాటరాదని పద్నాలుగో నిబంధన. సిస్టం లేవకపోతే ఏం చెయ్యాలో పదిహేనో నిబంధనలో ఉండాలి. నిబంధనలు పద్నాలుగే.

గుంటూరు నుంచి వచ్చిన ప్రోగ్రామర్ చైతన్యకృష్ణ రెండు లాప్‌టాప్‌ల మధ్య నిద్రలేని మొహంతో కూర్చుని ఉన్నాడు. "ప్రోగ్రాం ఒక్కటే కాదక్కా. దాని కింద వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ఉంటుంది, లైబ్రరీలంటాం. నలభై ఒకటి ఉన్నాయి. భాష కొత్తదైంది, అవేమో పాతవి. పొసగట్లేదు."

"అయితే కొత్తవి తెచ్చుకో నాయనా."

"తెచ్చాను. గేటుపాసు ప్రింటుచేసే లైబ్రరీ కొత్తది వేస్తే, బార్‌కోడ్ చదివేది పడిపోతోంది. దాన్ని నిలబెడితే ప్రింటుది మొరాయిస్తోంది."

"తోడికోడళ్లన్నమాట," అంది రసూల్‌బీ.

ఇంత తేటగా చెప్పినవాళ్లు ఇంటర్నెట్‌లో కూడా దొరకలేదని ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు.

"మరి మళ్లీ ఆ పాతదే పెట్టెయ్యరాదా?"

చైతన్యకృష్ణ సంజీవరావు గారి వంక చూశాడు. సంజీవరావు గారు ఫ్యాను వంక చూశారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అప్‌గ్రేడ్‌కి ముహూర్తం పెట్టించి, సర్వర్‌కి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారట. ఆ తర్వాత పాత వెర్షన్నీ, దాని కాపీనీ, ఆ కాపీకి ఉన్న కాపీనీ దగ్గరుండి చెరిపించారట.

"కొత్తింట్లోకి పాత చీపురు పట్టుకెళ్లకూడదు కదండీ," అన్నారాయన నాతో. నిజమే, మా ఇంట్లోనూ అదే ఆచారం. కాకపోతే మేం చీపురుతో పాటు ఇంటి పత్రాలు తగలబెట్టలేదు.

మూడో రోజు, లైబ్రరీల మధ్య రాజీ కుదర్చడానికి ఆఫీసువాళ్లతో 'సామరస్య ఉపసంఘం' ఏర్పడింది. వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ ప్రింటు తీసి, సంతకం చేసి, ఫైలులో పెట్టాలని తీర్మానించింది. ప్రింటు లైబ్రరీ పనిచెయ్యదు కాబట్టి ఎర్రర్లను చేత్తో రాశారు. ముత్యాల్లాంటి దస్తూరి.

ముఠా మేస్త్రి బుల్లయ్యకి ఓపిక పోయింది. "ఏందండీ ఈ గోల! మూడో వరస, ఎడంపక్క, మూతికి ఆకుపచ్చ దారం. రెండు నిమిషాల్లో దించుతా."

బుల్లయ్య జ్ఞాపకశక్తికి వెర్షన్ నంబరు లేనందున దాన్ని పరిగణించలేమని ఉపసంఘం విచారం వ్యక్తం చేసింది.

ఆరో రోజు సిస్టం లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. రసూల్‌బీ నంబరు కొడితే, అలాంటి బస్తా ఇంకా రాలేదంది. ఆమె సరుకు పెట్టింది మార్చి పన్నెండున. కొత్త లైబ్రరీ తేదీలో నెలను ముందు చదువుతుందట. దాని లెక్కన ఆ బస్తా డిసెంబరు మూడున వస్తుంది. (పన్నెండో తారీఖు దాటాక పెట్టినవాళ్ల సంగతి ఇంకా ఘోరం. వాళ్లకి నెలే లేదు.)

"అదుగో, తలుపులోంచి కనపడతందిగా!" అంది రసూల్‌బీ.

"కనపడుతోందమ్మా," అన్నారు సంజీవరావు గారు ఎంతో సానుభూతిగా. "కానీ రాలేదు."

ఆమె గొంతు పెరిగింది. "విత్తనమయ్యా అది! మా అత్త పోతూ పోతూ నా చేతిలో పెట్టి, మన ఇంట్లోనే ఉంచవే అంది. ఈ ఏడు పొయ్యకపోతే ఆ రకమే పోద్ది. మీకేం, ఇంకో వెర్షన్ తెచ్చుకుంటారు. నేనెక్కడ తెచ్చుకోను?"

నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి (మిరపకాయల గోదాము, కారణం రాసుకోవడం తేలిక).

పందొమ్మిదో రోజుకి తేదీలు దారికొచ్చాయి. అప్పటికి ఊళ్లో అందరి నారూ బెత్తెడు లేచింది. రసూల్‌బీ మడిలో దుకాణంలో కొన్న పాకెట్ విత్తనం మొలిచింది. బుల్లయ్య బస్తాని దించి, నా బండికి కట్టాడు. "ఎటు పోనియ్యనక్కా?" అన్నాను. "మిల్లుకి," అంది.

మంచి కారం. ఘాటుగా ఉంది. మా ఇంటికీ ఒక డబ్బా ఇచ్చింది.

కోల్డ్ స్టోరేజీ సిస్టంలో ఆమె పేరు ఎదురుగా ఇలా ఉంది: 'సరుకు: విత్తనం. స్థితి: భద్రంగా అప్పగించబడినది.'