మామగారి మెదడు ఫొటో

పొద్దున్నే మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, మెదడు ఫొటో తీయించి, ఎండ ఎక్కేలోగా ఇంట్లో దింపేద్దామనుకుంది కోడలు. మాట వినేటప్పుడు ముసలివాళ్ళ మెదడులో ఏ భాగం పనిచేస్తుందన్నది ఆమె పరిశోధన. ఇంకొక్క ఫొటో చాలు. ఆసుపత్రివాళ్ళు మెషిను ఆమెకిచ్చింది ఆ రోజు మధ్యాహ్నం దాకానే, అదే ఆఖరు. ఇది రాకపోతే ఏళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

మామగారు నెమ్మదస్తులు. ఎవరేం చెప్పినా నోరు మెదపరు, తల ఊపుతారు. ఆయన్ని గొట్టంలాంటి మెషిన్లో పడుకోబెట్టి, కోడలు మైకులో కథ చదివింది. వాక్యానికొకసారి ఆయన తల ఊపారు. తల వెంట్రుకవాసి కదిలినా ఫొటో చెడుతుంది. ఇదైతే తడిచేత్తో అలికేసినట్టు వచ్చింది.

"మామయ్యగారూ, తల ఊపకూడదండీ."

సరేనన్నట్టు ఊపారు.

మెషిను నడిపే టెక్నీషియను తలకి రెండువైపులా మెత్తలు కుక్కాడు. మామగారు గడ్డం ఊపారు. పోనీ, ఊపాలనిపిస్తే చేతిలోని రబ్బరు బంతి నొక్కమంది కోడలు. అది ఆపదొస్తే నొక్కే గంటన్న సంగతి తొందరలో మరిచింది. మొదటి వాక్యానికే గంట మోగింది. నర్సులు పరుగెత్తుకొచ్చి, ఆయన్ని బయటికి లాగి, గుండెల్లో నొప్పా అని అడిగారు. అడిగారు కదా అని మర్యాదకి తల ఊపారు. దాంతో గుండె డాక్టరు దిగాడు. ఇంటికి కబురెళ్ళింది. అత్తగారు ఏడుస్తూ వచ్చిపడ్డారు.

ఏమీ లేదని తేలేసరికి గడువు కాస్తే మిగిలింది. కోడలు తల పట్టుకుంది. సంగతి విని అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఓస్, ఇంతేనా? నేను చదువుతాను. నా మాటకి ఆయన తల ఊపడం ఎప్పుడైనా చూశావుటే అమ్మాయ్? లోకంలో నా గొంతొక్కటే ఆయన చెవికి ఆనదు. అదేం చెవుడో."

వినపడకపోతే ఫొటో వచ్చీ లాభం లేదు. అయినా మునిగేవాళ్ళకి గడ్డిపరకే ఆధారం. మామగారిని మళ్ళీ మెషిన్లో పడుకోబెట్టారు. అత్తగారు మైకందుకుని కథ పక్కన పడేశారు. తలుపు గడియ ఊడి ఎన్నాళ్ళైందో, వాళ్ళ అన్నయ్య వచ్చిననాడు ఎవరు నిద్ర నటించారో, అన్నీ ఏకరువు పెట్టారు. మామగారు ఉలకలేదు, పలకలేదు. ఫొటో అద్దంలా వచ్చింది.

టెక్నీషియను మురిసిపోయాడు. "చూడండమ్మా, ఎర్రగా వెలుగుతున్నదంతా మాటలు వినే చోటే. మీరన్నది ఒక్క ముక్క కూడా వదల్లేదు. ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళని నేను చూడలేదు."

కోడలి పరిశోధన గట్టెక్కింది. అత్తగారు మైకు మెల్లగా కింద పెట్టి, కుర్చీ లాక్కుని గొట్టం ఎదుట కూర్చున్నారు.

పడుకున్న బల్ల గొట్టంలోంచి బయటికొస్తుంటే ఆవిడ మొహం చూసిన మామగారు, ఇంకో ఫొటో తీయించుకోవడానికి తనకేమీ అభ్యంతరం లేదన్నారు.