ముద్ర పడిన కుర్చీ

కోక్‌జార్ పట్టణ నాటకశాలలో కుర్చీలన్నీ నిబంధనల ప్రకారమే పెరిగాయని ప్రజలకు తెలియజేయడమైనది.

బూరుల్‌కిది మొదటి రంగాలంకరణ. వెనక తెర నిండా తమ కొండదారి వేసింది. అది నలుగురు చూస్తే చాలనుకుంది. కుర్చీల దగ్గర మాత్రం తెలివికి పోయింది. కంప్యూటర్లో ఒకే ఒక్క కుర్చీ మూలబొమ్మ గీసి, వేదిక మీద ఖాన్ రాజు సింహాసనానికీ, కాపరి పీటకూ, కింద ప్రేక్షకులకూ దాని నకళ్లనే దింపింది. మూలబొమ్మను ఒక్కసారి సవరిస్తే అన్నీ మారిపోతాయి. నాటకశాల సంఘం వారు దాన్ని నిశితంగా పరిశీలించి, నాలుగు కాళ్లున్నాయని నిర్ధారించి, ముద్ర వేశారు.

ఇంతలో ప్రాంతాధిపతి గారు ప్రారంభానికి వస్తున్నారని కబురొచ్చింది. డైరెక్టరు సాదిర్‌కుల్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. గుమ్మానికెదురుగా పెద్దవాడికి పెద్దపీట వెయ్యని ఇల్లు ఆ కొండల్లో ఇల్లే కాదు. అలాంటిది, ఆయన ఎదుటే ఖాన్ అంతే ఎత్తున కూర్చుంటే ఇంకేమైనా ఉందా?

"అమ్మాయ్, ఆయన కుర్చీ జానెడు లేపు."

"ఆ ఒక్కటీ మూలబొమ్మ నుంచి విడదీసి లేపేస్తాను, అన్నా. చిటికెలో పని."

"విడదీస్తే అది ముద్ర పడిన కుర్చీ ఎలా అవుతుంది? మళ్లీ సంఘం కూర్చోవాలి. కూర్చుంటే లేస్తారా వాళ్లు? మూలబొమ్మనే లేపు."

లేపింది. ఖాన్ సింహాసనమూ లేచింది, కాపరి పీటా లేచింది. డైరెక్టరు కొలిచి చూసుకుని, "ఇంకా సమానంగానే ఏడ్చాయేమిటి? మళ్లీ లేపు," అన్నాడు. మళ్లీ లేచాయి. వడ్రంగులు బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేసుకుపోయారు. దీపాల కడ్డీలు తలలకు తగలడంతో కుర్చీల అభివృద్ధి తాత్కాలికంగా నిలిచింది.

"అంతెత్తు నుంచి నా కొండదారి కనపడదన్నా. పై అడ్డతెర కప్పేస్తుంది," అంది బూరుల్.

"పిచ్చిదానా, పెద్దలు నాటకానికొచ్చేది నాటకం చూడ్డానికా?"

ప్రారంభం నాడు ప్రేక్షకులు నిచ్చెనలెక్కి ఆసీనులయ్యారు. పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెలు తాళ్ల మీద పైకెళ్లాయి. ప్రాంతాధిపతి గారు దీపాల మధ్య చెమటలు కక్కుతూ ప్రసంగించారు: "ఇంత ఉన్నతమైన నాటకశాలను నేనెన్నడూ ఎరగను. మన పాలనలో కాపరి సైతం ఖాన్ ఎత్తుకు ఎదిగాడు!" చప్పట్లు మారుమోగాయి. అందుకోసం చేతులు వదిలిన కొందరు అనుకున్నదానికంటే ముందే కిందికి దిగారు.

తలుపు దగ్గర, కుర్చీ దొరకనివాళ్ల మధ్య, బూరుల్ నిలబడింది. వాళ్లు నోళ్లు తెరుచుకుని కొండదారినే చూస్తున్నారు. "ఇది మా దారేనే తల్లీ, ఆ మలుపులోనే నా గుర్రం జారింది," అంటూ ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. బూరుల్‌కు కడుపు నిండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ ముసలమ్మను ముందు పెట్టుకుని వాళ్లంతా నాటకశాలకొచ్చారు. నిన్న నేల మీద నిలబెట్టడం తమకు తీరని అవమానమట, తమకూ కుర్చీలు కావాలట. ముద్ర ఎలాగూ ఉంది కనుక, బూరుల్ కంప్యూటరు తెరిచి, వాళ్లకూ దీపాలనంటే ఆ కుర్చీనే దింపింది.