పొంగిన పిండి, పొంగిపోయిన అత్తగారు

"వ్యానులో హీటరు ఎప్పుడో పోయింది అత్తయ్యా, రేపు బాగా కప్పుకుని రండి!" అని పొద్దున్నే ఫోనులో అరిచాడు బేకరీ బావ.

"అయ్యో! ఎవరు పోయారు బాబూ?" అవతల అత్తగారు గొల్లుమంది.

"ఎవరూ పోలేదు! హీటరు! వేడి రావట్లేదు!"

"ఓ, అదా! పోతే పోయిందిలే. నువ్వు మాత్రం బస్టాండుకి టైముకి రా."

ఆయన ఎవరికి బావ అని అడక్కండి. ప్లంబరు పని చేసే బామ్మర్ది పొద్దస్తమానం "బావా, బావా" అంటూ వెంటపడటంతో వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. బ్రెడ్డు పిండి కలిపేది ఇంట్లో, కాల్చే పొయ్యి కొట్లో. ఆ రెంటి మధ్యా బావనీ పిండినీ మోసేది ఒక పాత వ్యాను. పెళ్ళికి ముందు కొన్నది కాబట్టి భార్య దాన్ని "నా సవతి" అంటుంది. పోయిన చలికాలం ఆ సవతి ముందుసీట్లో కూర్చుని వచ్చిన అత్తగారి పళ్ళు టకటకలాడాయి. కట్టుడు పళ్ళు కావడంతో ఒకసారి ఒళ్ళో కూడా పడ్డాయి.

"ఈసారి మా అమ్మ వణికిందో, ఆ వ్యాను అమ్మకమే," అని తేల్చేసింది భార్య.

"అమ్మ కోసం అమ్మకమా?"

"వేళాకోళం వద్దండీ. పాత ఇనుము కొట్టాయనతో మాట్లాడేశాను కూడా."

పాత ఇనుము అనేసరికి బావ చెప్పులైనా వేసుకోకుండా వ్యాను దగ్గరికి పరిగెత్తాడు. ఆ రోజంతా వ్యానుకి సేవ చేశాడు. తలుపుల సందుల్లో రబ్బరు పట్టీలు జిగురు పెట్టి అతికించాడు. అద్దాలు దిగకుండా చుట్టూ టేపు వేశాడు. కింద రేకుకి పడ్డ చిల్లుల్లో పాత పరుపు దూది కుక్కాడు. ఇంజను త్వరగా వేడెక్కాలని ముందు జాలీకి ఒక అట్టముక్క అడ్డం కట్టాడు. చీమ దూరే సందు లేకుండా చేశాక ఆయనకి ధైర్యం దూరింది.

మర్నాడు ఆయన పిండి తొట్టిని ఎప్పట్లాగే సీట్ల వెనకాల పెట్టి, పైన గుడ్డ కప్పి, చెప్పులు వేసుకోవడానికి లోపలికెళ్ళాడు. ఆ కాస్త వ్యవధిలో భార్య చప్పుడు చెయ్యకుండా వచ్చి, ముందుసీటు కింద రెండు హాట్ వాటర్ బ్యాగులు దూర్చి, ఏమీ ఎరగనట్టు గేటు దగ్గర నిలబడింది.

బస్టాండులో అత్తగారు రెండు స్వెటర్లు, ఒక శాలువా, మంకీ టోపీతో, పట్టేసిన మోకాలిని ఈడ్చుకుంటూ దిగింది. జిగురు పట్టిన తలుపు గట్టిగా లాగితేగానీ ఊడిరాలేదు.

"బాబూ, వెచ్చగా ఉందే!" అంది కాసేపటికి.

"అంతా అట్టముక్క మహిమ అత్తయ్యా." బావ మీసం దువ్వుకున్నాడు.

ఇంకాస్త దూరం వెళ్ళాక శాలువా తీసింది. తర్వాత టోపీ. తర్వాత ఒక స్వెటరు. తర్వాత రెండోది.

"ఇంక తీయడానికేం లేదు బాబూ, నా మర్యాద తప్ప. కింద సీటు చూస్తే పెనంలా కాలుతోంది!"

అప్పుడు గమనించాడు బావ. చచ్చిందనుకున్న హీటరు బుస్సుమని వేడిగాలి ఊదుతోంది. ఆపుదామని చెయ్యి చాస్తే తిప్పే నాబే లేదు. పోయినేడు వేడి రావట్లేదన్న కోపంతో చివరిదాకా తిప్పితే చేతికి ఊడొచ్చింది. దాన్ని భార్య వంటింటి బీరువా తలుపుకి బిగించుకుంది.

"బాబూ, నా మెడ మీద నుంచి చెయ్యి తియ్యి."

"నా చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి అత్తయ్యా."

ఆవిడ తన చేతులు రెండూ చూసుకుంది.

"మరి ఇదెవరి చెయ్యి?"

బావ అద్దంలో చూశాడు. చలికి రోజూ ముడుచుకుని పడుకునే పిండి, ఇవాళ గుడ్డని టోపీలా పెట్టుకుని, తొట్టి దాటి, సీటెక్కి, అత్తగారి భుజం మీద ఆప్యాయంగా వాలుతోంది. ఆవిడ పెట్టిన కేకకి వ్యాను తనంతట తానే కొట్టు చేరినట్టయింది.

చేరింది గానీ తలుపులు రాలేదు. వేడికి జిగురు కరిగి రెండు వైపులా పట్టేసింది. అద్దాలకి టేపు. లోపలంతా ఆవిరి. అత్తగారు అరచేత్తో అద్దం తుడిచి బయటికి చూసేసరికి, బ్రెడ్డు కోసం నిలబడ్డవాళ్ళలో ఒకాయన "ఎవరో పెద్దావిణ్ణి పిండి మింగేస్తోంది!" అని కేకేశాడు. కొట్లో పనివాడు ఇంటికి ఫోను కొట్టాడు. భార్య, బామ్మర్ది పరుగున వచ్చారు. బామ్మర్ది పైపుల రెంచితో తలుపు పెకలించి తల్లిని బయటికి లాగాడు.

"ఏం చేశారండీ మా అమ్మని?"

"అట్ట కట్టాను. సందులు మూశాను. అంతే! సీటు కింద నిప్పులేమిటో నాకు తెలీదు."

భార్య గొంతు తగ్గింది. "అవి హాట్ వాటర్ బ్యాగులు. మీ అట్టముక్కని నమ్ముకుని అమ్మని వదిలేస్తానా?"

"హీటరు నా పని బావా," నసిగాడు బామ్మర్ది. "అది అసలు పాడవనే లేదు. దానికి ఇంజన్లోంచి వేడినీళ్ళొచ్చే పైపుకి చిన్న కుళాయి ఉంది, ఎవరో కట్టేశారు. నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక విప్పాను. నువ్వు ఆశ్చర్యపోతావని చెప్పలేదు."

"ఎవరు కట్టేశారు?" అంది భార్య.

బావ నేల చూపులు చూశాడు. "ముందటేడు ఎండాకాలం కాళ్ళు కాలుతుంటే... నేనే. మళ్ళీ విప్పడం మర్చిపోయాను."

భార్య కొంగు బిగించి నోరు తెరిచేలోగా, కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న అత్తగారు కాలు చాపి, ముడిచి, మళ్ళీ చాపింది.

"ఇటు చూడవే! మందులకీ మర్దనాలకీ వంగని మోకాలు! రేపట్నుంచి రోజూ ఈ వ్యానులో నేనూ వస్తాను. ఆ పిండికి మాత్రం మూత పెట్టించు అల్లుడూ, మరీ చనువు తీసుకుంటోంది."

అత్తగారిని తాకిన పిండి తీసి పారేసి, తొట్టి అడుగున మిగిలింది కాలిస్తే, ఆ కొట్లో ఎన్నడూ రానంత మెత్తటి బ్రెడ్డు వచ్చింది.

పాత ఇనుము కొట్టాయన ఇప్పటికీ వచ్చి అడుగుతూనే ఉన్నాడు గానీ, వ్యాను అమ్మే మాటకి అమ్మే ఒప్పుకోవడం లేదు.