బయటి మనిషి కావలెను

ఆ పొద్దున కుక్కుటేశ్వరరావు గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగేలోగా నగర సేవా పురస్కారానికి తమ వీధి సంఘం పేరు పంపించేసి, తొమ్మిదిన్నరకల్లా ఇత్తడి సామాన్ల కొట్టు తాళం తీయాలి. రాజమహేంద్రవరంలో జనానికి పనికొచ్చే సంఘాలను ఏరి ఇచ్చే పురస్కారమది. కొబ్బరికొట్ల వీధి సేవా సంఘానికి ఆయన పదకొండేళ్లుగా అధ్యక్షుడు. శాలువా ఏ భుజం మీదుగా కప్పించుకుంటే ఫొటోలో బాగుంటుందో అద్దంలో చూసుకోవడం కూడా అయిపోయింది.

కార్యదర్శి హరిబాబు ఫోన్‌లో నిబంధనలు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"సంఘం పేరు ఆ వీధివాళ్లే ఎవరో ఒకరు సూచించాలటండి. కానీ వాళ్లు సంఘంలో ఉండకూడదట. సభ్యుల ఇంట్లోవాళ్లూ పనికిరారట."

"అదో పెద్ద పనా? సభ్యుడు కానివాణ్ణి ఒకణ్ణి పట్రా."

"అలాంటివాడు లేడండి."

నిజమే, లేడు. మొదటి ఏడాది కొత్త సంవత్సరం ఫ్లెక్సీలో తమ ఫొటో పడలేదని నాలుగిళ్లవాళ్లు అలిగారు. పదవి లేనిదే ఫొటో ఎలా వేస్తామన్నారు రావుగారు. అయితే పదవి ఇవ్వండన్నారు వాళ్లు. అలా ఇచ్చుకుంటూ పోగా, ముప్పై రెండిళ్లలో ముప్పై ఒకటికి పదవులొచ్చాయి. ఉపాధ్యక్షులే తొమ్మిది మంది. పాలప్యాకెట్లు వేసే సూరమ్మ మహిళా విభాగం ముఖ్య సలహాదారు.

మిగిలిన ఒక్క ఇల్లూ డేనియల్ మాస్టారిది. రిటైరైన లెక్కల మాస్టారు. పదవి నాకెందుకండీ అని ఉత్త సభ్యుడిగా ఉండిపోయారు.

"ఆయన్ని తీసేద్దాం," అన్నారు రావుగారు. "పురస్కారం రాగానే మళ్లీ కలిపేసుకుందాం."

ఇద్దరూ వెళ్లి అడిగితే మాస్టారు నవ్వారు. "తీసేయండి, దానికేం? నాలుగు మంచి ముక్కలు రాసి పంపిస్తాను."

"ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండేం. ఇంట్లో కూడా. పక్క వీధివాళ్ల చెవిన పడితే ఫిర్యాదు పెట్టేస్తారు."

"మాటిస్తున్నానండి."

హరిబాబు మినిట్సు పుస్తకం తెరిచాడు. 'సంఘ గౌరవానికి భంగం కలిగించు ప్రవర్తన కారణంగా శ్రీ డేనియల్ గారిని తొలగించడమైనది' అని రాశాడు. సభ్యుణ్ణి తీసేయడానికి వాళ్ల నియమావళిలో ఉన్న వాక్యం అదొక్కటే. నియమం ప్రకారం దాన్నే వీధి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టి, మాస్టారిని గ్రూపులోంచి తీసేశాడు.

రావుగారు కొట్టు తాళం తీసేసరికి మెట్ల మీద సూరమ్మ ఉంది.

"మాస్టారేం చేశారండీ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండానే తీసేస్తారేంటండీ?"

"అబ్బే... అది చెప్పుకునే విషయం కాదులే."

మధ్యాహ్నానికల్లా వీధిలో చెప్పుకోకూడని విషయాలు మూడు పుట్టాయి. మర్నాటికి అయిదయ్యాయి. మాస్టారి దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలను ఇళ్లల్లో ఆపేశారు. ఎవరడిగినా రావుగారు ఏం చెప్పాలో తోచక తల ఊపి నిట్టూర్చేవారు. "పాపం, పెద్దమనిషి. ఒకరి గుట్టు బయటపెట్టలేకపోతున్నారు," అని జనం ఆయన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు వీపు మీద దురదగుండాకులా తగిలి, ఆయన మాస్టారింటి ముందు నుంచి నడవడం మానేసి సందులోంచి కొట్టుకు వెళ్లసాగారు.

నాలుగో రోజు భోజనం వేళకి మాస్టారి భార్య హెలెన్ వచ్చారు.

"విషయం తేలేదాకా సండే స్కూలుకి రావద్దన్నారండి చర్చిలో. ముప్పై ఏళ్లుగా అక్కడి పిల్లలే ఆయన లోకం. ఏం చేశారంటే ‘మాటిచ్చాను హెలెన్’ అంటారు, అంతే. ఎవరికిచ్చారండీ ఆ మాట? దేని గురించి?"

రావుగారు చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశారు. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఎల్లుండే పురస్కారం వాళ్లు పరిశీలనకొస్తున్నారు.

"పెద్ద విషయం కాదమ్మా," అన్నారు కంచంలోకి చూస్తూ.

"అంటే చిన్నదేదో ఉందన్నమాట," అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు.

మొదటి రోజు నుంచీ అంతా విన్న రావుగారి భార్య అన్నపూర్ణమ్మ ఆయన కంచంలో పెరుగు వేస్తూ, "ఆ శాలువా ఏదో వచ్చాక మొహమ్మీద కప్పుకోండి, పనికొస్తుంది," అంది.

పరిశీలన రోజున కొత్త ఫ్లెక్సీ కింద ముప్పై ఒక్క పదవులూ ఇస్త్రీ బట్టల్లో నిలబడ్డాయి. అధికారిణి శ్రీదివ్య నామినేషన్ కాగితం పైకి చదివింది. "‘రోజూ పొద్దున్నే కాలువలో చెత్త తీస్తారు. లైటు వెలగకపోతే ఆఫీసుకెళ్లి కూర్చుని వేయించుకొస్తారు. తోడెవరూ లేనివాళ్లకి ఆసుపత్రిలో తోడుంటారు.’ చాలా బాగుందండీ."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవన్నీ చేసే మనిషెవరో అందరికీ తెలుసు. రాసినాయనే.

శ్రీదివ్య మినిట్సు పుస్తకం తిప్పుతూ ఆగింది. "నామినేట్ చేసింది ఈయనే కదా? ప్రవర్తన బాగాలేదని తీసేశారా? ఏం చేశారండీ?"

మాస్టారు నేలకేసి చూస్తున్నారు. వెనక గోడ పక్కన హెలెన్ ఉన్నారు. ఎప్పట్లాగే తల ఊపి నిట్టూర్చబోయారు రావుగారు. మెడ కదలలేదు.

"ఏమీ చేయలేదమ్మా," అన్నారు. "బయటి మనిషి కావాలన్నారు. ఎవరూ లేక ఈయన్ని బయటి మనిషిని చేశాం. ఆయన పరువు పోతుంటే చూస్తూ నోరు మూసుకున్నాను. శాలువా కోసం."

శ్రీదివ్య ఫైలు మూసేసింది. "పురస్కారం కుదరదండి."

"అడగనమ్మా."

హెలెన్ ముందుకొచ్చారు. "ఇక్కడ చెబితే చాలదండి. ఆదివారం చర్చిలో చెప్పాలి. శాలువా సంగతితో సహా."

చెప్పారు. రెండొందల మంది ముందు చేతులు కట్టుకుని, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోతుండగా, శాలువా సంగతితో సహా చెప్పారు. అయ్యాక మాస్టారు బల్ల మీద కాస్త జరిగి పక్కన చోటిచ్చారు. నిలబడి చెప్పడం కన్నా ఆ చోట్లో కూర్చోవడమే రావుగారికి కష్టమైంది. ప్రార్థన ముగిశాక పిల్లలు మాస్టారి చేతులు పట్టుకుని పాఠానికి లాక్కుపోయారు.

బయటికొచ్చి ఫోన్ తీస్తే గ్రూపు నిండా వెళ్లిపోయినవాళ్ల పేర్లే. "ఈ సంఘంలో ఉంటే నా పాలు కూడా ఎవరూ కొనరు. నేను పోతున్నా," అని సూరమ్మ మొదలుపెట్టింది. తొమ్మిది మంది ఉపాధ్యక్షులూ ఆవిడ వెనకాలే నడిచారు. చిట్టచివర హరిబాబు మెసేజి ఉంది: "ప్రెసిడెంటు గారూ, వచ్చే ఏడాదికి ఇబ్బంది లేదండి. మన సంఘాన్ని సూచించడానికి ఇప్పుడు వీధి వీధంతా అర్హులే."

ఆయన అది చదువుతుండగానే హరిబాబు కూడా వెళ్లిపోయాడు.