మామగారి చివరి శబ్దం

ఆ ఆదివారం ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. విరిగిన కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వెళ్లిన అత్తగారు తిరిగొచ్చేలోగా మామగారి గది తుడిచిపెట్టాలి, అంతే. పెళ్లయి మూడు నెలలైనా ఆ ఇంట్లో ఆమె ఏ పనికి లేచినా అత్తగారు "నువ్వు కూర్చో అమ్మాయ్" అనేది. ఆప్యాయంగానే అనేది. కాని విన్నప్పుడల్లా కోడలికి తానింకా కుర్చీ వరకే వచ్చాననీ, ఇంట్లోకి రాలేదనీ అనిపించేది.

పైగా ఆమె ఉద్యోగం అలాంటిది. ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు కడిగి, మరిగించి, పొడవు వారీగా గుడ్డ మీద పేర్చడం. ఎనిమిదేళ్లుగా అదే పని. దుమ్ము కనపడితే ఆమె చేతులు ఆమె అనుమతి అడగవు.

గదిలో బల్ల మీద మామగారి సింథసైజర్ ఉంది. ఆయన రేడియో నాటకాలకు శబ్దాలు చేసిపెట్టేవాడు. వాన, రైలు, దయ్యం నిట్టూర్పు, అన్నీ ఆ పెట్టెలోంచే. ముందు వైపు ముప్పై నాబ్‌లు, వాటి కింద కన్నాలు, ఒక కన్నం నుంచి ఇంకో కన్నంలోకి రంగురంగుల వైర్లు, అంచున హార్మోనియంకున్నట్టు మెట్లు. ఒకచోట మొండి శబ్దం పుడుతుంది, ఇంకోచోట దాని గరుకు చెక్కుతారు, మరోచోట అది ఎలా లేచి ఎలా అణగాలో చెబుతారు. పాతకాలపుది కాబట్టి దానికి జ్ఞాపకశక్తి లేదు. నాబ్ ఎక్కడ ఆగిందో, వైరు ఎక్కడ దిగిందో, అదే దాని శబ్దం. కదిపితే పోయినట్టే.

మామగారు పోయే ముందురోజు గుచ్చిన వైర్లు ఏడాదిగా అలాగే ఉన్నాయని ఇంట్లో నమ్మకం. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు కొడుకు స్విచ్ వేసి, పెట్టెను అరగంట వేడెక్కనిచ్చి, సరిగ్గా అయిదింటికి ఒక మెట్టు నొక్కేవాడు. ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వినేవారు.

"ఈవారం నాన్న కాస్త దిగులుగా ఉన్నారు. చలికి పెట్టె శ్రుతి మారుతుంది కదమ్మా" అనేవాడు. అత్తగారు తల ఊపేది.

ఇదంతా కోడలికి తెలుసు. తెలిసిన విషయం చేతులకు చేరడానికి పావుగంట ఆలస్యమైంది. ఆ పావుగంటలో ఆమె పదకొండు వైర్లూ పీకి, తుడిచి, తువ్వాలు మీద పొట్టిదాని నుంచి పొడుగుదాని దాకా పేర్చింది. నాబ్‌లు తలో దిక్కు చూస్తుంటే మనసొప్పక అన్నింటినీ నిటారుగా నిలబెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసుకుంది. అప్పుడు సాయంత్రం అయిదింటి సంగతి గుర్తొచ్చింది.

ఫోను చేసిన పది నిమిషాల్లో ఆమె అన్నయ్య పనిముట్ల సంచీతో వచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్.

"వైర్లే కదే! ఇరవై అంతస్తుల లిఫ్టు విప్పి బిగించినవాణ్ణి. ఎర్రది ఎర్ర కన్నంలో, పచ్చది పచ్చ కన్నంలో."

"కన్నాలన్నీ నల్లగానే ఉన్నాయన్నయ్యా."

"అయితే ఇంకా సులువు."

తోచినట్టు గుచ్చి, స్విచ్ వేసి మెట్టు నొక్కాడు. పెట్టె కింది నుంచి పైకి మూలిగింది.

"ఇది తెలుసు. మూడో అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టు" అన్నాడు అన్నయ్య, అభిమానంగా.

అప్పుడే కూరగాయల సంచీతో ఆమె భర్త వచ్చాడు. పెట్టెను చూశాడు, భార్యను చూశాడు, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"అమ్మ తట్టుకోలేదు" అన్నాడు. ఆ మాటలో అమ్మ ఎంతో తానెంతో అతనికే తెలియదు. కాసేపటికి ముఖం వెలిగింది. "ఆగండి, నా ఫోనులో ఉంది! మూడు ఆదివారాలు రికార్డు చేశాను."

మొదటిది తుమ్మెదలా ఝుంకరించింది. రెండోది నీళ్లు కారే కొళాయిలా ఉంది. మూడోది తలుపు వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టుంది.

"మూడూ ఒకటేనా బావా?"

"ఒకటే. చలికి మారుతుంది."

"మూడోది ఎండాకాలంలోది కదండీ" అంది కోడలు ఫోనులో తేదీ చూసి, మెల్లగా.

"వేడికీ మారుతుంది!"

గొంతు సవరింపు కోసం అన్నయ్య ఒక నాబ్‌ను చివరిదాకా తిప్పాడు. పెట్టె సైరనై లేచింది. లేచి, పడి, మళ్లీ లేచింది. మెట్టు మీంచి వేలు తీసినా ఆగలేదు.

"ఆపండి!" అంది కోడలు చెవులు మూసుకుని.

"ఆపితే మళ్లీ అరగంట వేడెక్కాలి!" అని భర్త స్విచ్‌కు అడ్డం నిలబడ్డాడు.

కింది ఇంట్లో ట్యూషన్ చెప్పే పంతులమ్మ పంతొమ్మిది మంది పిల్లల్ని వరుసలో మెట్లు దింపి వీధిలో నిలబెట్టి, హాజరు వేసి, ఫైర్ స్టేషన్‌కు ఫోను చేసింది. ఎనిమిది నిమిషాల్లో గొట్టాలు పట్టుకున్న మనుషులు పైకొచ్చారు. వాళ్ల వెనకే కొత్త అద్దాల కళ్లజోడుతో అత్తగారు.

"ఏం లేదత్తయ్యగారూ, చిన్న రిపేరు" అంటూ అన్నయ్య చేతులు చాపి బల్లను దాచబోయాడు. బల్ల అతనికంటే వెడల్పు.

కోడలు ముందుకొచ్చింది. "వీళ్ల తప్పేం లేదు. నేనే పీకేశాను అత్తయ్యా. దుమ్ము తుడుద్దామని. మామయ్యగారి శబ్దం నేనే..."

అత్తగారు వెళ్లి ముందు స్విచ్ ఆపింది. ఆ నిశ్శబ్దంలో వైర్లు లెక్కపెట్టింది. తన కుట్టుపని డబ్బా తెచ్చి, దారపు ఉండల కింది నుంచి ఒక పసుపు వైరు తీసింది.

"ఇది పన్నెండోది. ఎక్కడ పెట్టాలో నాకూ తెలీలేదు."

ఆమె దాన్ని కొడుకు చేతిలో పెట్టింది.

"ఆయనున్నన్నాళ్లు ఈ గదిలోకి నా గుడ్డను రానివ్వలేదు. ఆయన పోయిన రెండో వారం చేతులు ఊరుకోక అన్నీ పీకి తుడిచేశాను. తుడిచాక కూర్చుని ఏడ్చాను. తోచిన కన్నాల్లో గుచ్చాను. నువ్వేమో విని, కళ్లనీళ్లు పెట్టుకుని, నాన్నే అమ్మా అన్నావు. ఏం చెప్పను? అప్పట్నించి ప్రతి శనివారం పీకడం, తుడవడం, తోచినట్టు గుచ్చడం. ఈవారం కళ్లజోడు విరిగి కుదర్లేదు."

కొడుకు ఆ పసుపు వైరును వేలికి చుట్టాడు. "అయితే ఏడాదిగా నేను విన్నది..."

"నన్నేరా."

"నాన్న దిగులుగా ఉన్నారని కూడా అన్నానే!"

"సరిగ్గానే విన్నావు" అంది తల్లి. "దిగులుగానే ఉన్నాను."

కొడుకు తల్లి పక్కకు జరిగి కూర్చున్నాడు. ఎటు చూడాలో తెలియక అగ్నిమాపక అధికారి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అన్నయ్య వేళ్ల ముద్రలు పెట్టె నిండా పడి ఉన్నాయి. కోడలి చేతులు అడక్కుండానే మళ్లీ వైర్లు పీకి, తుడిచి, నాబ్‌లన్నీ నిటారుగా నిలబెట్టాయి.

"ఒక్క వైరూ లేకపోతే ఇంకేం పలుకుతుంది?" అన్నాడు అన్నయ్య.

"పలుకుతుందట" అంది అత్తగారు. "లోపల దానికి సొంత దారి ఉందని ఆయన చెప్పేవారు. వైరు గుచ్చితే ఆ దారి తెగి కొత్తది పడుతుంది. తీసేస్తే మళ్లీ పాత దారే."

స్విచ్ వేశారు. అరగంట ఆగారు. గొట్టాలు కింద పెట్టి అగ్నిమాపక సిబ్బందీ ఆగారు. అత్తగారు సైగ చేస్తే కోడలే మెట్టు నొక్కింది.

ఒకే ఒక్క శబ్దం. దిగులూ కాదు, సంతోషమూ కాదు. పక్క గదిలో ఎవరో పని చేసుకుంటూ తమలో తాము కూనిరాగం తీసినట్టుంది. కొడుకు బడికి ఆలస్యమైనవాడిలా ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికి నిలబడ్డాకే తెలిసింది.

అత్తగారి చేయి గాలిలోనే ఆగిపోయింది. "పొద్దున్నే, వీడు బడికి పోయే వేళకు, పని మొదలెట్టే ముందు నాబ్‌లన్నీ ఇలాగే నిటారుగా పెట్టి ఒక్కసారి నొక్కేవారు. వంటింట్లోకి వినపడేది. కాఫీ పెట్టమని."

ఆమె అలవాటుగా లేచి వంటింటివైపు నడిచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. కోడలు అప్పటికే తనకు అలవాటైన కుర్చీ కోసం వెతుక్కుంటోంది.

"కూర్చుంటావేం అమ్మాయ్? ఇంతమంది ఉన్నారు. రా, గ్లాసులు తియ్యి."

అగ్నిమాపక అధికారి కాఫీ తాగి, నివేదికలో 'ప్రమాద కారణం' అన్నచోట "దుమ్ము లేకపోవడం" అని రాసి సంతకం పెట్టాడు.