లైన్‌మన్ కారూ, ఎనిమిదో నిబంధనా

పొద్దున్నే కారు కడిగేసి, పదకొండింటికల్లా ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళ్ళాలన్నది రిటైరైన లైన్‌మన్ పథకం. ఆ రోజే ఆఖరి గడువు. దాటితే ముప్ఫై ఏళ్ళ కారు తుక్కు కిందికి పోతుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మూసినవాళ్ళు హాయిగా ఇంకో వ్యాపారం పెట్టుకున్నారు. కొన్నవాళ్ళేమో ఒక్కో నట్టు కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారు. ఇది పచ్చి మోసమని లైన్‌మన్ రోజూ కాఫీకి ముందోసారి, తరవాతోసారి అరిచేవాడు.

ఇంజను మీద నీళ్ళు పడ్డాయి. ఆరనీ అని బానెట్ ఎత్తిపెట్టాడు. నంబరు ప్లేట్ల మీద అంకెలు వెలిసిపోయాయి. రెండూ ఊడదీసి చంకలో పెట్టుకుని, బోర్డులు రాసే పెయింటరు దగ్గరికి బయల్దేరాడు. భార్యకి చెప్పలేదు. చెబితే కూరగాయలు తెమ్మంటుంది.

అక్కడే కొంప మునిగింది. ఆ కంపెనీ కార్లున్న పధ్నాలుగు మందికీ ఓ సంఘం ఉంది. దాని ఎనిమిదో నిబంధన ఇది: కారు ఇక నడవదని తేలితే నంబరు ప్లేట్లు తీసేసి, బానెట్ ఎత్తి వీధిలో పెట్టాలి. సభ్యులు కావలసినవి విప్పుకోవచ్చు. యజమానిని గానీ ఇంట్లోవాళ్ళని గానీ అడగకూడదు. అడిగితే ఏడుస్తారు.

ఆ దారిన పోతున్న సంఘం సభ్యుడు, టైలరు, కారు చూసి గతుక్కుమన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. సంఘానికి ఫోన్లో కబురు పెట్టాడు. అప్పుడే ఎడమ అద్దం విప్పాడు.

తొమ్మిదిన్నరకి లైన్‌మన్ తిరిగొచ్చేసరికి కారు ఇటుకల మీద నిలబడి ఉంది. చుట్టూ ఆరుగురు సభ్యులు. పళ్ళ డాక్టరు కార్బురేటర్ని పసిబిడ్డలా తువ్వాల్లో చుడుతున్నాడు.

"మా చెల్లిని అత్తారింట్లో దింపొచ్చింది ఈ సీట్లోనే," అంటూ టైలరు ముక్కు చీదుకుని, ఆ సీటు బోల్టే తిప్పుతున్నాడు.

"ఏం పోయేకాలంరా మీకు! బతికున్న కారుని పీక్కుతింటారా?" లైన్‌మన్ గొంతు చించుకున్నాడు.

డాక్టరు అతని భుజం మీద చెయ్యేశాడు. "ఊరుకో అన్నా. గుండె రాయి చేసుకో. అందరివీ ఏదో ఒకరోజు పోయేవే."

"పదకొండింటికి తనిఖీ ఉందయ్యా నాకు!"

"పాపం, ఇంకా ఆశ చావలేదు," అన్నాడు టైలరు.

ఇంతలో భార్య టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. "సాయానికొచ్చారనుకున్నానండీ. స్పానర్లు చాలకపోతే మనవే ఇచ్చాను."

లైన్‌మన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కడికైనా అడగాలని తోచలేదా?"

"అడగొద్దని రాసింది నువ్వే కదన్నా! పైగా మా అందరిచేతా సంతకాలు పెట్టించావు," అన్నాడు డాక్టరు.

లైన్‌మన్ వేలు చూపిస్తూ, "రాస్తే మాత్రం! కంపెనీ మన కార్లని నడిరోడ్డు మీద వదిలేసింది. మనమూ తలో చెయ్యీ వేసి చంపితే వాడికీ మనకీ తేడా ఏంట్రా?" అన్నాడు.

అందరూ విప్పినవన్నీ బిగించడం మొదలెట్టారు. అప్పటికే హెడ్‌లైటు పట్టుకెళ్ళిపోయినవాడు ఫోను ఎత్తలేదు. టైలరు పరుగున వెళ్ళి తన కారుది ఊడదీసి తెచ్చాడు. కంగారులో బ్యాటరీ కిందపడి పగిలింది. డాక్టరు తనది ఇచ్చాడు. కొత్త అంకెల ప్లేట్లు బిగించి, ఆరుగురూ తోస్తే కారు దగ్గి, తుమ్మి, కదిలింది.

తనిఖీ కేంద్రంలో ఇన్‌స్పెక్టరు లైట్లు చూశాడు, బ్రేకులు తొక్కాడు, మోకాళ్ళ మీద కూర్చుని అడుగుభాగం చూశాడు. లైన్‌మన్ పిడికిలి బిగించి ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు: కొత్తవి అమ్ముకోవడానికి పాతవాటి పీక పిసుకుతారా, ఇక్కడే బైఠాయిస్తాను.

"పాసైందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ముద్ర వేస్తూ.

"ఎందుకు పాసైంది?" లైన్‌మన్ అదే ఊపులో మండిపడ్డాడు.

"బాగుంది కాబట్టి." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "మా ఇంట్లోనూ ఇదే కారుందండీ. మా నాన్నది. మీకేదో సంఘం ఉందటగా, నన్నూ చేర్చుకోరూ?"

సాయంత్రానికల్లా పదిహేనో సభ్యుడి దరఖాస్తు వచ్చింది. అందులో పేరు కన్నా ముందు, లైన్‌మన్ కారులో తనకి నచ్చిన భాగాల జాబితా ఉంది.