డౌటు ఇంగ్లీషులోనే అడగవలెను

ఇంగ్లీషు మీడియాన్ని తిట్టిపోసే పెద్దమనుషులారా! ఒక్కసారి బెళుగుప్ప పక్క పల్లెకు వచ్చి, నాగేశ్వర సారు సైన్సు క్లాసు చూడండి. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. బడికి ఇంతకంటే ఏం కావాలి?

తెలుగులో పాఠం చెప్పిన రోజుల్లో ఆయన పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. పక్కోళ్ల బోరులో నీళ్లుంటే మా బోరెందుకు ఎండింది సార్? వేరుశనగ ఊడలు నేలలోకే ఎందుకు దిగుతాయి సార్? ఎనిమిదో తరగతికి ఇన్ని సందేహాలెందుకండీ! సాయంత్రానికి ఆయన తల దిమ్మెక్కిపోయేది.

ఇంగ్లీషు మీడియం వచ్చింది. 'డౌట్లు ఇంగ్లీషులోనే' అని గోడమీద బోర్డు వెలిసింది. అంతే, డౌట్లు మాయం! పిల్లలకు అన్నీ అర్థమైపోతున్నాయని కాక, దీనికింకేం అర్థముంటుంది? సారు బీపీ మాత్ర సగానికి తగ్గింది.

అలాంటి క్లాసులో ఒకరోజు నీళ్ల పాఠం మధ్యలో అశ్విని చెయ్యెత్తింది. వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. రెండో తరగతి చదివే తమ్ముడికి కొత్తగా వచ్చిన పళ్లమీద పసుపు చారలు. కాగబెడితే పోతుందేమో సారునడుగు అని తల్లి రామాంజినమ్మ ఒకటే పోరు. పాపం, ఆ పిల్ల రోజుల తరబడి డిక్షనరీ తిరగేసి, వాక్యం కూర్చుకుని, కంఠతా పట్టి, ఊపిరి బిగబట్టి అడిగేసింది.

"సార్, డస్ బాయిలింగ్ రిమూవ్ ఫ్లోరైడ్ ఫ్రమ్ వాటర్?"

సారు కళ్లు చెమర్చాయి. 'డస్' ఎక్కడ పడాలో అక్కడే పడింది! ఆ సంబరంలో ఆ పిల్ల అడిగిందేమిటో ఆయన చెవికెక్కలేదు. "వెరీ గుడ్! క్లాప్స్!" అన్నాడు. హెడ్మాస్టరు ఆ వాక్యాన్ని ప్రేయర్‌లో చెప్పించాడు, మళ్లీ చప్పట్లు. తనిఖీకొచ్చిన ఆఫీసరైతే వీడియోనే తీసుకున్నాడు. ఇంత మర్యాద జరిగిన ప్రశ్నకు జవాబు కూడా కావాలంటే అత్యాశ కాదూ?

మొన్న పేరెంట్స్ మీటింగుకు రామాంజినమ్మ కొడుకును వెంటబెట్టుకొచ్చింది. సారు ఎదురెళ్లి కుర్చీ వేశాడు.

"మీ పాప ఇంగ్లీషు బ్రహ్మాండమమ్మా!"

"అంతా మీ దయ సార్. మీరు చెప్పినట్లే చేస్తాండా. దినామూ నీళ్లు తెర్లేదాకా కాగబెట్టి పిల్లోనికి తాపుతాండా."



"నేనెప్పుడు చెప్పినానమ్మా? కాగబెడితే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరి ఇంకా ఎక్కువవుతాది!"

రామాంజినమ్మ కొడుకును దగ్గరికి లాక్కుంది.

"అదేంది సార్! మా పాప అడిగితే అందరితో చప్పట్లు కొట్టిస్తిరంట కదా. సరేనన్నారనుకుంటిమి."

తల్లీ కూతుళ్లు అమాయకులని మీరు నవ్వకండి. ఏడాది మొత్తమ్మీద ఆ క్లాసులో వాళ్లకు అర్థమైన జవాబు ఆ చప్పట్లొక్కటే.